ముందు పైకా, పక్కకా?

అది 1978. అప్పుడు నేను వరంగల్‌లో సర్వేయర్‌ని. సెలవుల్లో కాలేజీ క్యాడెట్లకు మ్యాపు చదవడం నేర్పేవాణ్ణి. ఆ ఏడు ఏటూరునాగారం అడవి అంచున క్యాంపు పెట్టాం. చివరి రోజు పోటీలో ఒక్కో జట్టుకు ఆరంకెల గ్రిడ్ రిఫరెన్స్ ఇస్తాం, అక్కడ పాతిన జెండా తెచ్చుకోవాలి. మొదటి మూడంకెలు ఈస్టింగ్, అంటే తూర్పుకి ఎంతో. తర్వాతి మూడు నార్తింగ్, అంటే ఉత్తరానికి ఎంతో. బోర్డు మీద ఒక్కసారి రాసి, అందరికీ తలకెక్కిందనుకున్నాను. అంత పొగరు నాకు.

మధ్యాహ్నం మూడయింది. పద్మ జట్టు, నలుగురమ్మాయిలు, రాలేదు. వాళ్లకిచ్చిన 462 487 దగ్గరకు పరుగెత్తాం. జెండా పాతినచోటే ఉంది, మనిషి జాడ లేదు. ఎలుగుబంట్లు తిరిగే అడవి.

బిడ్డను తీసుకుపోదామని వచ్చిన పద్మ తండ్రి మల్లయ్య క్యాంపులోనే ఉన్నాడు. వరంగల్‌లో జంపఖానాలు నేస్తాడు. బల్ల మీది మ్యాపు కేసి వంగి చూశాడు.

"గిది మా గళ్ల కాయితం లెక్కనే ఉన్నది సారూ. మగ్గం కాడ మా డిజైన్ గిట్లనే ఉంటది. చిన్నప్పటిసంది పద్మనే చదివి చెప్తది, నేను నేస్త."

"ఎట్ల చదువుతది?"

"ముందుగాల ఎన్నో వరుసనో కిందికెల్లి మీదికి చూస్తది. అటెన్క ఆ వరుసల పడుగు పోగులు లెక్కవెడ్తది."

ముందు పైకి, తర్వాత పక్కకి. పద్మ మ్యాపునూ అలాగే చదివి ఉంటుంది. అంకెలు తిరగేసి మ్యాపు మీద పెన్సిలుతో చుక్క పెట్టాను: 487 462. ఆగ్నేయంగా మూడున్నర కిలోమీటర్లు. మల్లయ్యను వెంటబెట్టుకుని బయలుదేరాం.

నలుగురూ అక్కడే ఉన్నారు. ఆ చుట్టుపక్కల ఎక్కడో కాదు, మ్యాపు మీద నేను పెన్సిలుతో చుక్క పెట్టిన చోటే, వాగు ఒడ్డున బండ మీద. బాట లేని అడవిలో ఒక దిక్సూచి, అడుగుల లెక్క, అంతే వాళ్ల దగ్గరున్నది. తప్పు చోటికి అంత కచ్చితంగా చేరిన మనుషులను నేను అంతకుముందు చూడలేదు. పద్మకు మాత్రం ఒళ్లు మండుతోంది.

"పొద్దటిసంది ఎతుకుతున్నం సార్. జెండ పెట్టుడు మర్చిపోయిన్రా?"

మల్లయ్య బిడ్డ తల నిమిరాడు. "నువ్వు సక్కగనే పోయినవ్ బిడ్డా. సారే నిలువు, అడ్డం మార్చి చెప్పిండు."

నేను ఆయన మాట దిద్దలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు మ్యాపు నేర్పాను. ఏ తరగతికి వెళ్లినా సుద్దముక్క పట్టుకునే ముందు పిల్లలను ఒకటి అడిగేవాణ్ణి: "మీ ఇంట్ల ఏం పని చేస్తరు? అందుల లెక్క ఎటుకెల్లి మొదలువెడ్తరు?"