ట్రంకుపెట్టెకు అతుక్కున్న బిళ్ళ

మా పాప పోయి నెలయింది. పదకొండేళ్ళు. విషజ్వరంతో మార్కాపురం ఆసుపత్రిలో నాలుగు రోజులుండి పోయింది. బేస్తవారిపేట బడి వాళ్ళు దాని గురించి రాయమన్నారు. నా చదువు ఐదో తరగతి. దాన్ని ఎప్పుడూ ముందు వరుసలో కూచోబెట్టిన అయ్యవారికి దండం పెట్టి, తెలిసింది రాస్తున్నాను.

పుట్టు చెవుడు. మూడేళ్ళప్పుడు హైదరాబాదులో ఆపరేషన్ చేసి మిషను పెట్టారు. ఊళ్ళో అందరిదీ ఒకటే ప్రశ్న.

"ఏందక్కా, పాప తలకాయకు బిళ్ళ అతికించినారంట, కరెంటు కొట్టదా?"

పాపే విసుక్కుంటూ చెప్పేది.

"చెవి మీదది మాట పట్టుకుంటాది పిన్నీ. వైరులో బిళ్ళకు పంపుతాది. బిళ్ళ తోలు మీద నుంచే లోపలి ముక్కకు అందిస్తాది. ఆ ముక్కకు సన్న తీగ ఉంది, అది నత్తగుల్ల మాదిరుండే లోపలి చెవిలోకి పోయి నరానికి చెప్తాది. ఒకటి లేకుంటే అన్నీ ఒట్టివే."

నా బుర్రకు మాత్రం ఎక్కలేదు. గట్టిగా అరిస్తేనే లోపలికి పోతుందనుకుని, గుట్ట మీది గొర్రెలను పిలిచే గొంతుతో పిలిచేదాన్ని.

"అరవాకమ్మా, వినపడతాంది" అనేది.

ఇంకా అరిస్తే బిళ్ళ పీకి ట్రంకుపెట్టెకు పెట్టేది. అందులో అయస్కాంతం కదా, టక్కున అతుక్కునేది. ఇక నేనెంత తిట్టినా నోరు ఆడటమే దానికి కనపడేది. పకపకా నవ్వేది మొండిది. ఎంత ఒళ్ళు మండేదో నాకు!

రాష్ట్రం విడిపోయిన కొత్తలో, దానికి పదేళ్ళప్పుడు, ఆ వైరు తెగింది. జానెడు వైరు! హైదరాబాదు పోతే "మీది ఇప్పుడు ఆంధ్రా" అన్నారు. ఒంగోలు పోతే "ఆపరేషన్ చేసినకాడికే పోమ్మా" అన్నారు. లోపలి ముక్క బాగుంది, చెవి మీదది బాగుంది, కొత్త వైరు దొరికిందాకా రెండు నెలలు పిల్లకు మాత్రం ఒక్క మాట వినపడలేదు. అప్పుడెక్కింది నాకు, అది చెప్పింది.

జ్వరమొచ్చి మార్కాపురం ఆసుపత్రిలో చేర్చినప్పుడు మిషను తీసి కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. పాపతో మాట్లాడాలి, పెట్టండంటే "తర్వాతలే" అనేది నర్సమ్మ. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. మూడో రోజు నేనే చెవి మీదది తగిలించి, జడ పక్కకు జరిపి, బిళ్ళ ఆనించాను. "అమ్మీ!" అన్నాను. వార్డంతా తిరిగి చూసింది.

పాప కళ్ళు తెరవలేదు. "అరవాకమ్మా, వినపడతాంది" అంది. మళ్ళీ మాట్లాడలేదు.

లోపలి ముక్క దానితోనే మట్టిలోకి పోయింది. బిళ్ళను ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టెకే పెట్టాను. మొన్న గొర్రెలు దొడ్లోకి రాక సతాయిస్తుంటే, గడపలో నిలబడి అలవాటుగా గొంతెత్తబోయాను. పక్కనే పెట్టె, పెట్టెకు బిళ్ళ.

గొంతు తగ్గించి పిలిచాను.