వేలు చూపించి నడిచే జపాను సారు

నేను మాచర్ల లైన్లో పట్టాలు చూసే పని చేసేటప్పుడు, ఎండకు పట్టాలు ఎట్లా సాగుతాయో పరిశోధించడానికి ఒక జపాను సారు వచ్చాడు. ప్రతి బోల్టుకూ వేలు చూపించి, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో "ఉంది" అని గట్టిగా అనేవాడు. వాళ్ల దేశంలో రైలు పనివాళ్లంతా అంతేనట.

"ఏంది బాబాయ్, బోల్టులకు హాజరు వేస్తన్నాడా?" అని మావాళ్లు నవ్వేవాళ్లు.

వాళ్లను ఇంకా నవ్విద్దామని ఒకరోజు నేనూ వేలు చూపిస్తూ నడిచాను. "ఉంది, ఉంది, ఉంది..." నాలుగోదానికి నోరు రాలేదు. అక్కడ బోల్టు లేదు. రోజూ చూసే జాయింటే. ఎన్నాళ్లుగా ఉందనుకుని దాటిపోయానో! బండి వచ్చేలోపు కొత్తది బిగించాను.

"ఎట్టా కనిపెట్టావు?" అన్నాడు జపాను సారుతో వచ్చిన మా ఇంజనీరు.

"ఈ సారును ఎక్కిరిస్తంటే దొరికిందండీ."

ఇంజనీరు తల పట్టుకుని ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాడు. జపాను సారు పగలబడి నవ్వి, దాన్ని పుస్తకంలో రాసుకుని, రేపు కూడా ఎక్కిరించమన్నాడు.