కార్బన్ చక్రాలు, రబ్బరు బ్రేకులు

నలభై రెండో ఏట రోడ్ బైకు, అంటే సన్న టైర్ల రేసు సైకిలు, కొన్నాను. శ్రీకాకుళంలో లెక్కలు చెప్పుకునే లెక్చరర్‌కి ఆ సైకిలే ఎక్కువ. కానీ ఆదివారం పొద్దున్నే కలిసి తొక్కే మా గుంపుకి ఒక పెద్ద ఉండేవాడు. బట్టల కొట్టు యజమాని. అందరం బావ అనేవాళ్లం. మూడో ప్లేటు పూరీ ముందు పెట్టుకుని సైకిలు బరువు మీద ఉపన్యాసం ఇవ్వగల ఘనుడు.

"సెక్రాలు మార్సకపోతే ఆ సైకిలెందుకు మాస్టారూ? కార్బన్‌వి ఎయ్యండి. అరకేజీ తగ్గుతాది," అన్నాడు.

ఆ అరకేజీ అతని నడుం దగ్గర తగ్గించుకోవచ్చు కదా అనిపించింది. పైకి అనలేదు. అనకపోగా, చక్రాలు తెప్పించాను.

బిగించడానికి అరసవల్లి రోడ్డులో మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లాను. అరవై దాటిన మనిషి. టైర్లు ఎక్కించి, చక్రం తిప్పి చూసి, బ్రేకు రబ్బర్లు వేలితో నొక్కాడు.

"ఇవి అల్యూమినియం అంచుకి బాబూ. కార్బన్‌కి ఏరేవి ఉంటాయి. తడిస్తే ఇవి పట్టవు. తెప్పిస్తాను, నాలుగు రోజులాగండి."

అక్కడి నుంచే బావకి ఫోన్ చేశాను. "పాల సైకిళ్లు బాగుసేసుకునేవోడు, ఆడికేటి తెలుసు? అవే సాలు," అన్నాడు. ఎమ్మెస్సీ చదివిన నేను, చక్రాన్ని చేత్తో పట్టుకున్నవాణ్ణి వదిలేసి, ఫోన్లో మాట్లాడినవాణ్ణి నమ్మాను.

ఆ ఆదివారం గుంపుతో చీపురుపల్లి వైపు వెళ్తుంటే జల్లు పడింది. వంతెన దిగుతున్నాను. ముందు ఒక ఆటో ఆగింది. రెండు బ్రేకులూ బలంగా నొక్కాను. చక్రాలు వినిపించుకోలేదు. ఆటోని తప్పించబోయి రోడ్డు పక్క రాళ్లలోకి దూసుకుపోయాను. మోచేయి చెక్కుకుపోయింది.

ఆటోలోంచి ఒకామె దిగి, "ఏటయ్యా, బ్రేకుల్లేని సైకిలెక్కీసి ఊరేగుతన్నావు? సచ్చిపోదువు కాదా?" అని కేకలేస్తూనే నన్ను లేపి కూర్చోబెట్టింది.

బావ వచ్చాడు. నన్ను చూడలేదు. ముందు చక్రాన్ని ఎత్తి చూశాడు. "రిమ్ముకేటీ కాలేదు, అదృష్టవంతులు," అన్నాడు. తరవాత టిఫిన్ దగ్గర, బ్రేకు పట్టడం కూడా ఒక విద్యేనని అందరికీ వివరించాడు.

మర్నాడు చక్రాలు పట్టుకెళ్తే మెకానిక్ రూపాయి బిళ్లతో అంచు చుట్టూ తడుతూ పోయాడు. ఒక చోట చప్పుడు మొద్దుబారింది. లోపల పగిలింది.

"నాను సెప్తే ఇనరు. ఆ ఫోన్లో ఆయనకి అద్దాలు బిగించిన బట్టల కొట్టున్నాది, నాకు గ్రీజు సేతులున్నాయి," అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పయిందన్నాను. ఆయన కొత్త అల్యూమినియం అంచులు బయటికి తీసి, రెండు చక్రాలకీ ఒక్కొక్క చువ్వా తన చేత్తోనే అల్లాడు. సాయంత్రం దాకా పక్కనే కూర్చున్నాను.

వాటిని చూసి బావ నవ్వాడు. "బరువు పెంచీసినారేటి మాస్టారూ?"

"ఆగుతాయి," అన్నాను.

గుంపులో ఇద్దరు నవ్వారు. బావ మాట మీద కార్బన్ చక్రాలు వేయించుకున్న వాళ్లిద్దరూ ఆ వారమే అరసవల్లి వెళ్లి రబ్బర్లు మార్పించుకున్నారు. బావ మార్పించుకోలేదు. కొత్తగా చేరినవాళ్లకి నా పతనం గురించి ఇప్పటికీ పాఠం చెబుతున్నాడట. నేనిప్పుడు పొందూరు వైపు ఒంటరిగా తొక్కుతున్నాను. అతని మీద కోపం తగ్గింది కానీ, అతని మాట విన్న నా మీద మాత్రం తగ్గలేదు.