జెనబో వేయించే పల్లీలు

గరంగో ఊరి సంతలో పల్లీలు వేయించేటప్పుడు జెనబో బుగ్గలో, వక్కలా నమిలే కోలా గింజ ముక్క అటూ ఇటూ దొర్లుతూ ఉంటుంది. కాలే ఇసుకలో గరిటె తిప్పుతుంది, ఒక గింజ కొరికి చూస్తుంది, అరచేతుల్లో నలిపి ఉఫ్‌మని ఊదుతుంది. ఆ పొట్టు పక్కన ఉల్లిపాయలమ్మే వాళ్ల నెత్తిన పడితే ఆమెకేం పట్టదు. ఆమె బీసా తెగ మనిషి. గురున్సీ తెగవాళ్లు కనబడితే తిట్టాలి, తిట్టించుకోవాలి, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. రెండు తెగల మధ్య తాతలనాటి వేళాకోళపు వరస అది. పిండిమర నడిపే నెబియే అనే గురున్సీ ముసలాడు ప్రతి సంతకూ వచ్చి ఆ ముచ్చట తీర్చుకుపోతాడు. జ్వరంతో కొన్నాళ్లు కనబడనివాడు నిన్న సైకిలు మీద వాలిపోతూ దాన్ని నడిపించుకొచ్చాడు.

"బాగున్నావా అక్కా?" అన్నాడు మెల్లగా.

జెనబో చేతిలో గరిటె ఆగిపోయింది. "అక్కా అంటావేంట్రా? ఏమైంది నీకు?"

అతను సైకిలు మీదికి ఇంకాస్త వాలాడు. ఆమె డబ్బాడు పల్లీలు, పైన ఇంకో గుప్పెడు, డబ్బులొద్దంటూ అతని సంచీలో పోసింది.

నెబియే ఒకటి నమిలాడు. "ఇసుక కూడా అమ్ముతున్నావా దొంగ ముసలీ? పల్లీలిస్తానంటే కన్నతల్లిని కూడా అమ్మేస్తారే మీ బీసా వాళ్లు!"

జెనబో మొహం విప్పారింది. సంచీలో చెయ్యి పెట్టి, కొసరు వేసిన గుప్పెడు వెనక్కి తీసేసుకుంది.

"బతికే ఉన్నావుగా, పిండి మొహమోడా! తియ్యి డబ్బులు."