సిద్ధాంతి చెప్పిన చదువు

జ్యోతిషం మీద నేను రాసిన ప్రతి వాక్యానికీ ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. గ్రహాలకు మన చదువులతో పనిలేదు. అయినా నా చదువును తేల్చింది ఒక సిద్ధాంతే. ఆయన మాట విని కాదు, ఆయన చెప్పాడన్న ఒక్క కారణంతో వినకపోవడం వల్ల.

అరవైల మొదట్లో నెల్లూరులో బి.ఏ. పూర్తయింది. రెండుచోట్ల సీటు వచ్చింది. ఒకటి విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఎకనామిక్స్. రెండోది ఉత్తరాదిన అప్పుడే తెరిచిన బిజినెస్ స్కూల్లో ఫైనాన్స్.

నా మనసు రెండో దాని మీదే ఉంది. కారణం బియ్యం మిల్లు. సంగం దగ్గర మా ఊళ్ళో రైతులంతా కలిసి పెట్టుకున్నారు. వడ్లకు కొదవ లేకపోయినా రెండో కోత రాకముందే మూతపడింది. పెట్టుబడి గురించి వేదికలెక్కి గంటసేపు మాట్లాడే నేను, ఆ మిల్లు ఎందుకు ఆగిందో మా నాన్నకు చెప్పలేకపోయాను. అది నేర్చుకొచ్చి మళ్ళీ నడిపించాలని నా ఆశ.

"లెక్చరరంటే నలుగురికీ తెలుసు. ఫైనాన్సంటే ఏమని చెప్పేదిరా?" అన్నాడు నాన్న.

"వడ్డీకి తిప్పడమని చెప్పు బావా," అన్నాడు మా మేనమామ. "అయినా దానికంత దూరం దేనికి? నెల్లూరు బజారు చాలదా?"

అమ్మ నవ్వలేదు. "సిద్ధాంతిగారిని ఒక మాట అడగండి," అంది. నాన్న ఆయన మాట దాటడు.

ఆ ఆదివారం సిద్ధాంతి మా అరుగు మీద కూర్చున్నాడు. నా పక్కన మా చర్చా సంఘం మిత్రుడున్నాడు. ముందురోజే నేను సంఘంలో జాతకాలను చీల్చి చెండాడి వచ్చాను. సిద్ధాంతి పంచాంగం తిరగేసి, వేళ్ళు మడిచి, "ధనస్థానం బలంగా ఉంది. డబ్బు సంగతులు నేర్పే ఆ రెండోదే మంచిది," అన్నాడు.

"సరే, అట్లానే పంపిస్తాం," అన్నాడు నాన్న.

కోరుకున్నది చేతికందింది. అప్పుడు మిత్రుడు నా చెవిలో, "ఏం బ్రదర్, గ్రహాలు కూడా మన సంఘంలో చేరినట్టున్నాయే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఈయన చెప్పిన చదువు నేను చదవను. ఎం.ఏ.కే పోతా," అన్నాను. నాన్నకు సంతోషమే. ఈ సంగతి చెబితే సంఘంలో చప్పట్లు కొట్టారు. ఆ పూట అమ్మ మాత్రం సిద్ధాంతికి తెచ్చిన మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

లెక్చరర్నయ్యాను. పెట్టుబడి ఎట్లా సమకూడుతుందో ఏటేటా నోట్సు చెప్పాను. సెలవులకు ఊరొచ్చినప్పుడల్లా మిల్లు పక్కనుంచే నడవాలి. ముందు బెల్టు పోయింది, తర్వాత యంత్రం పోయింది. చివరికి అందులో వరిగడ్డి వేసుకున్నారు.

ఒక వేసవిలో ఇంటికొచ్చిన శిష్యుల ముందు ఆ సిద్ధాంతి వేళ్ళు మడిచిన తీరు చేసి చూపిస్తున్నాను. బియ్యం చెరుగుతున్న అమ్మ చేట ఆపింది.

"ఆయన్ని అనబాకరా. ముందురోజు నేను పోయి అడిగితే, ఆ డబ్బు చదువు నీ జాతకంలో లేదనే అన్నాడాయన. నీకిష్టమని, కాళ్ళావేళ్ళా పడి నేనే అట్లా చెప్పించినా."

సిద్ధాంతి గుట్టు బయటపడిందని శిష్యులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. జాతకాన్ని నమ్మే మనిషి, నాకోసం దాన్ని కాదంది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"అందరి ముందరా అంత గట్టిగా చెప్పేస్తివి. ఇంకేం మార్చుకుంటావులే అనుకున్నా."

మార్చుకునేవాణ్ణే అనబోయాను. శిష్యులు నా వైపే చూస్తున్నారు. అమ్మ మళ్ళీ చేట అందుకుంది.