కువైట్ మసి, చిక్కడపల్లి అంగీ

బల్లి మీద పడితే పంచాంగం తిరగేసేవాళ్లను చూసి నవ్వే రకం నేను. దయ్యాలు, శకునాలు అంటే ఇప్పటికీ ఒళ్లు మంట. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే చిరాకు.

మా బావ, అంటే అక్క భర్త, కువైట్‌లో ఏసీ మెకానిక్. తొంభైలో ఇరాక్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించినప్పుడు మనవాళ్లు వేలమంది విమానాల్లో తిరిగొచ్చారు. బావ రాలేదు. పాస్‌పోర్టు పనిచ్చిన సేటు దగ్గర ఉండిపోయిందని, ఆ సేటు ఎటో పారిపోయాడని బావ రూమ్మేట్ వచ్చి చెప్పాడు. ఆ తర్వాత కబురు లేదు.

అక్క చిక్కడపల్లిలో మా ఇంట్లోనే ఉండేది. ఎస్టీడీ బూత్ నుంచి ఢిల్లీలో విదేశాంగ శాఖకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే పాట: వివరాలు తెలిస్తే చెబుతాం. ఆ ఫోన్ నేలకేసి కొట్టాలనిపించేది.

వెళ్లేముందు బావ కోఠిలో తెల్లగుడ్డ కొని, నారాయణగూడ టైలర్ దగ్గర ఒకే తానులో రెండు అంగీలు కుట్టించుకున్నాడు. ఒకటి తీసుకెళ్లాడు. రెండోదాన్ని అక్క వారం వారం ఉతికి మిద్దె మీద ఆరేసేది. ఎవరూ తొడగని అంగీకి ఉతుకెందుకని నేను విసుక్కుంటే, "లేని మనిషి బట్టలే పెట్టెల పెడ్తరు. ఆయన ఉన్నడు" అనేది.

ఫిబ్రవరి ఆఖరున ఒకరోజు మధ్యాహ్నం బట్టలు తేవడానికి మిద్దె ఎక్కాను. బావ అంగీ భుజాల మీద, కాలర్ మీద నల్లటి చుక్కలు. వేలితో రాస్తే జిడ్డుగా సాగాయి. పెట్రోలు బంకు వాసన. అదే తీగ మీద అటూ ఇటూ ఉన్న అమ్మ చీర, నా బనీను మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఎవరైనా టైరు కాల్చారేమోనని చుట్టుపక్కల వాకబు చేశాను. ఎవరూ కాల్చలేదు.

సాయంత్రం టీవీలో చెప్పారు, మిత్రసేనలు కువైట్‌ను విడిపించాయని. వీధుల్లో జనం ఎగురుతున్నారు. వెనక మంటలు, నల్లటి ఆకాశం. ఆ దేశానికి విడుదల దొరికింది గానీ మా బావ ఊసు ఎవరూ ఎత్తలేదు.

అంతలో మా పెద్దమ్మ వచ్చి అంగీ చూసింది. "తెల్లబట్ట మీద నలుపు మంచిది కాదు బిడ్డా" అంది. అంతే, అక్క అన్నం మానేసింది. నాకు పెద్దమ్మ మీదా, ఆ అంగీ మీదా కూడా మండిపోయింది. శకునమే అయితే మనిషి ఉన్నాడో లేడో సరిగ్గా చెప్పొచ్చు కదా!

ఆ జిడ్డు ఏమిటో తేల్చుకుందామని, మరునాడు తెలిసిన కెమిస్ట్రీ లెక్చరర్‌ను కలిసి ఒప్పించాను. అంగీ కోసం ఇంటికి వచ్చేసరికి అమ్మ దాన్ని సోడాలో ఉడకబెట్టి, నీలిమందు పెట్టి ఆరేసింది.

"మసే కదరా, పోయింది. గీ దానికి పిల్ల ఉపాసముండాల్నా?" అంది.

ఉన్న ఒక్క సాక్ష్యం సోడానీళ్లతో పాటు మోరీ పాలైంది. అమ్మను ఏమనగలను?

బావ ఎండాకాలంలో, ఎంబసీ ఇచ్చిన కాగితం పట్టుకుని వచ్చాడు. సగానికి సగం చిక్కిపోయాడు. అక్క ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది. భోజనాలయ్యాక తనే మొదలుపెట్టాడు. అంగీ సంగతి మేమెవరం అతనికి చెప్పలేదు.

"విడిపించనీకి మిలిట్రీ వచ్చిన దినం పగలే చీకటైంది. ఆయిల్ బావులు తగలబడుతున్నయ్, పైనుంచి నల్ల చినుకులు. ఖుషీతోని అందరం రోడ్డు మీదికి ఉరికినం. అందరి బట్టలు నల్లగైనయ్. కోఠి గుడ్డతోని కుట్టించిన నా తెల్లంగీ మీద ఒక్క చుక్క పడలే! దోస్తులు పరేషాన్. నీకు ఎవరు ఉతికి పెడ్తున్నరని ఒకటే నవ్వుడు."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

గాలి మోసుకొచ్చిందనుకుందామంటే పక్కనున్న చీరకు ఎందుకు అంటలేదు? బావ కోతలు కోశాడనుకుందామంటే ఇక్కడి సంగతి అతనికి తెలియనే తెలియదు. ఇన్నేళ్లుగా ఎంత తల బద్దలు కొట్టుకున్నా తెగడం లేదు. అక్కను అడిగితే నాకు ఇంకా మండుతుంది.

"మసి మనకొచ్చింది, మనిషి మనకొచ్చిండు. ఇంకేం గావాలెరా నీకు?" అంటుంది.

నాకు జవాబు కావాలి. ఇప్పటికీ దొరకలేదు.