సత్యం మాస్టారి ఆఖరి పాట

2022 ఆషాఢం. రాజమండ్రిలో ఒక మేడ మీద నా చిన్న రికార్డింగ్ స్టూడియో. బేస్ గిటార్ వాయించడం, ఊళ్లోవాళ్ల భక్తి పాటలు రికార్డు చేసిపెట్టడం నా పని. ఆ మధ్యాహ్నం కాకినాడ నుంచి లలిత వచ్చింది. నాకు బేస్ నేర్పిన సత్యం మాస్టారి కూతురు. ఆయన పోయి అప్పటికి పదకొండు నెలలు.

మాస్టారు సరుకు ఓడల్లో వంటవాడిగా తిరిగి, కరీబియన్ రేవుల్లో అక్కడివాళ్ల రెగే సంగీతం నేర్చుకొచ్చారు. ఆ బాణీలో తెలుగు మాటలు పాడిన మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను.

"నాన్నగారి ఆఖరి పాట ఫోన్లో ఉందండి. గొంతూ, గిటారూ అంతే. మీరు బేస్ వాయిస్తే సంవత్సరీకం నాడు అందరికీ వినిపిద్దామని."

కాదనలేకపోయాను. ఆయన మంచాన పడ్డాక నేను ఒక్కసారీ వెళ్లి చూడలేదు. మా మధ్య చిన్న మాట పట్టింపు. రెగేలో వన్ డ్రాప్ అనే నడక ఉంది. నాలుగు దెబ్బల్లో మొదటిదాన్ని ఖాళీగా వదిలేస్తారు. నేను ఉండబట్టలేక అక్కడ ఏదో ఒక స్వరం వేసేసేదాన్ని.

"ఆగు. తొందరేంటమ్మా నీకు?" అనేవారు.

"ఖాళీ వదిలితే జనం లేచి వెళ్లిపోతారండి" అని ఎదురు చెప్పి, ఒక పెళ్లి బ్యాండులో చేరిపోయాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించాను. రెండో చరణం మొదట్లో, ఖాళీగా వదలాల్సిన ఆ మొదటి దెబ్బ మీద నా వేలు తీగను తాకగానే, ఎడమ చెవిలో మెల్లగా వినిపించింది.

"ఆగు."

చేతులు ఆగిపోయాయి. ఆయన ట్రాక్‌ను సోలోలో, అంటే మిగతావన్నీ మూసి, విన్నాను. అక్కడ ఏ మాటా లేదు. మళ్లీ వాయించాను. అదే చోట, అదే గొంతు. అద్దం అవతల స్పీకర్లలో వింటున్న లలిత ముఖం పాలిపోయింది.

"మీకూ వినిపించిందా అండీ?"

ఏసీ కట్టేశాను. వైర్లు మార్చాను. కింద వీధిలో ఆటోలు హారన్లు కొడుతున్నాయి, కిటికీ నిండా ఎండ. అయినా నా మెడ మీద చెమట చల్లగా తగిలింది. మూడోసారి ఆ దెబ్బ దగ్గర వేలు ఎత్తి పట్టుకున్నాను. ఏ మాటా రాలేదు. పాట చివరిదాకా సాగింది. లలిత తల వంచుకుని ఏడ్చింది.

సంవత్సరీకం నాడు ఆ మూడోసారి వాయించిందే వినిపించాం. జరిగింది ఎవరికీ చెప్పలేదు. మాస్టారితో ఓడల్లో పనిచేసిన ఒక ముసలాయన వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"బాగా వాయించావమ్మా. మధ్యలో 'ఇప్పుడు కుదిరింది' అన్నాడే మా సత్యం, అది నీతోనేనా?"

ఇంటికొచ్చి ఎన్నిసార్లు విన్నా, ఆ మాట నాకు వినపడలేదు.

ఈ వృత్తిలో చెవిని నమ్ముకుని బతికినదాన్ని. ఆ రోజు విన్నదేమిటో ఇప్పటికీ చెప్పలేను. ఒక్కటి మాత్రం తెలిసింది. గురువుతో పట్టింపు ఉంటే, ఆయన ఎదురుగా కూర్చుని తిట్టగలిగే రోజుల్లోనే వెళ్లి తేల్చుకోవాలి. నన్ను మెచ్చుకున్నారో లేదో ఇప్పుడు నేను ఎవరిని అడగను?